నెలకు 1,800తో రూమ్‌లో తిండి ఎలా వెళ్లదీయాలి?

ప్రశ్న (నయీంనగర్ రూమ్):
హన్మకొండలో కోచింగ్‌కు వెళ్తున్నాను. అద్దె, గ్యాస్ పోను తిండికి 1,800 మిగులుతున్నాయి. అన్నం నేనే వండుకుని, రెండు పూటలకూ కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటున్నా. ఇరవయ్యో తారీఖుకే జేబు ఖాళీ. ఆ తర్వాత పచ్చడి మెతుకులే. క్లాసులో కళ్లు తిరుగుతున్నాయి. కుక్కర్ ఉంది, ఫ్రిజ్ లేదు.

కాజీపేట అక్క:
తమ్ముడూ, పొట్లం 30 రూపాయలనుకున్నా పూటకొకటి అంటే నెలకు 1,800. ఇక బియ్యానికి, నూనెకు ఏం మిగులుతుంది? ముందు అది బంద్ చెయ్యి. ఇంట్లో రేషన్ కార్డు మీద నీ పేరుంటే నీ వాటా 6 కిలోల సన్నబియ్యం, పైసా కట్టక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఇస్తున్నారు. ఊరికి వెళ్లినప్పుడు ఆ సంచీ బస్సులో తెచ్చుకోవడానికి మొహమాటపడకు. రోజుకు 200 గ్రాములు వస్తుంది. ఆకలి ఎక్కువైతే ఇంకో మూడు కిలోలు కొనుక్కో.

మిగిలిన డబ్బు పప్పు మీద పెట్టు. ఎర్రపప్పు త్వరగా ఉడుకుతుంది, కాసేపు నానబెడితే గ్యాస్ ఇంకా కలిసొస్తుంది. నెలకు రెండు కిలోలు. అందులో ఒకరోజు తోటకూర, ఒకరోజు పుంటికూర వేస్తే వేరే కూరతో పని లేదు. వారానికి రెండుసార్లు మీల్ మేకర్ వండుకో, 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రొటీనే. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయాలి. లేకపోతే ఆ వాసనకు ముద్ద దిగదు. నేనూ మొదటిసారి పిండకుండానే వేశాను, కూరంతా పారబోశాను.

పాత బ్యాచిలర్:
గుడ్లు మర్చిపోయావక్కా. 30 గుడ్ల అట్ట తెచ్చుకుంటే రోజుకొకటి. విడిగా కొనేదానికన్నా చవక.

సుబేదారి రూమ్:
రేకుల రూమ్‌లో, మే నెలలో అట్ట పెట్టి చూడన్నా! నాకు పోయిన ఎండాకాలం సగం మురిగిపోయాయి. ఎండలు ముదిరితే ముగ్గురు కలిసి ఒక అట్ట కొని పంచుకోండి. అనుమానంగా ఉన్న గుడ్డును నీళ్లలో వెయ్యి, పైకి తేలితే పారెయ్యి. కూరగాయలకు రైతు బజార్‌కు మూసే వేళకు వెళ్లు. వాడిన ఆకుకూర పప్పులోకి దివ్యంగా ఉంటుంది.

కాజీపేట అక్క:
ఇంతకీ పొద్దున ఏం తింటున్నావు?

నయీంనగర్ రూమ్:
టీ, బిస్కెట్లు అక్కా.

కాజీపేట అక్క:
కళ్లు తిరగవా మరి! రాత్రి గుప్పెడు శనగలు నానబెట్టి, పొద్దున ఉడకబెట్టుకుని నిమ్మకాయ పిండుకో. టీ గంట ఆగి తాగు, వెంటనే తాగితే శనగల్లోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. వారంలో తగ్గకపోతే టెన్షన్ పడకుండా వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి వెళ్లి డాక్టర్‌కు చూపించుకో.

నయీంనగర్ రూమ్:
కార్డులో నా పేరుందో లేదో రేపు అమ్మను అడుగుతా. శనగలు ఇప్పుడే నానబోశాను.