కాకినాడలో పనిచేసిన గ్లిజరిన్ హైదరాబాద్‌లో ఎందుకు పనిచేయట్లేదు?

కాజా_పిల్ల:
చలికాలం వస్తే మా అమ్మ గ్లిజరిన్, రోజ్‌వాటర్ కలిపి ఓ పాత సీసాలో పోసి పెట్టేది. రాత్రి కాళ్ళకీ చేతులకీ రాసుకుని పడుకుంటే పొద్దున్నకి మెత్తగా ఉండేవి. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక, రోజ్‌వాటర్ ఎవరు కలుపుతారులే అని ఉత్త గ్లిజరినే రాస్తున్నా, ఆఫీసులో పొద్దస్తమానం ఏసీ, మధ్యాహ్నానికల్లా మొహం బిగుసుకుపోయి నవ్వితే పెదాల పక్కన చర్మం లాగుతోంది. మొన్న ఎవరో చెప్పారని పొడి జుట్టుకి కూడా రాశాను, పాకం పూసినట్టయి దువ్వెన దిగలేదు. సరుకులో తేడా అంటారా?

మందులషాపు:
సరుకు కాదండి, నీళ్ళు లేకపోవడమే. గ్లిజరిన్ నూనె కాదు, తేమని పట్టుకునే పదార్థం. గాలిలో తేమ ఉంటే అక్కణ్ణించి లాక్కుంటుంది, లేదంటే చర్మం లోపలి పొరల్లోంచి పైకి లాగుతుంది, అదీ ఆవిరైపోతుంది. మీకు కాకినాడలో సముద్రం పక్కనే ఉంది, ఇక్కడేమో ఏసీ. ఏసీ పైపులోంచి బయటికి బొట్టుబొట్టుగా కారేవి మీ గదిలో గాలి నీళ్ళే మరి. స్నానం కాగానే తడి ఒంటి మీద, చెంచా గ్లిజరిన్‌కి తొమ్మిది చెంచాల నీళ్ళు కలిపి రాయండి, ఆపైన రెండు చుక్కల కొబ్బరినూనె. ఏ రోజుకారోజే కలుపుకోండి, నిలవ ఉంటే పాడవుతుంది. కొనేటప్పుడు సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యతకి మన దేశపు ప్రమాణం) అని ఉందో లేదో చూడండి.

సబ్బుల_మాస్టారు:
నేను సబ్బుల ఫ్యాక్టరీలో రిటైరయ్యానమ్మా. నూనెని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బూ గ్లిజరినూ రెండూ వస్తాయి, ఉప్పు వేస్తే సబ్బు పైకి తేలుతుంది, కింద మిగిలిన నీళ్ళలోంచి గ్లిజరిన్ తీస్తాం. 1779లో షీలే అనే ఆయన ఆలివ్ నూనెని సీసం ఆక్సైడ్‌తో కాచినప్పుడు మొదటిసారి బయటపడింది, రుచి తియ్యగా ఉందట. అదీ నీ పాకం సంగతి! గ్లాసుడు నీళ్ళలో ఓ చుక్క వేసి చూడు, నూనెలా తేలదు, తీగలా సాగుతూ అడుక్కి దిగుతుంది, కలిపితే మాయమవుతుంది. కాబట్టి జుట్టుకి షాంపూ కూడా అక్కర్లేదు, ఉత్త నీళ్ళకే పోతుంది.

ఉంగరాల_జుట్టు:
మాది వైజాగ్, నా బాధ దీనికి తిరగేసి. వానాకాలంలో గ్లిజరిన్ ఉన్న క్రీమ్ రాసి బయటికెళ్తే జుట్టు గాలిలో తేమంతా పీల్చుకుని పిచ్చుకగూడులా ఉబ్బుతుంది. కడగకుండా వదిలేసే క్రీముల్లో, వెనక జాబితాలో గ్లిజరిన్ పేరు మొదటి మూడింట్లో ఉంటే బాగా తడి రోజుల్లోనూ బాగా పొడి రోజుల్లోనూ నేను ముట్టుకోను. కడిగేసే కండిషనర్లో ఉంటే పట్టించుకోను.

కాజా_పిల్ల:
జుట్టు నిజంగానే నీళ్ళకే వదిలింది మాస్టారూ, థాంక్యూ. నీళ్ళు కలిపి రాయబట్టి నాలుగు రోజులైంది, మొహం లాగడం తగ్గింది, మోచేతులు మాత్రం ఇంకా గరుకే. అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, "కాళ్ళు కడుక్కొచ్చి తడి మీదే రాసుకోమని రోజూ మొత్తుకునేదాన్ని కదే, నువ్వెప్పుడు విన్నావు గనక" అంది.