పక్కింటి పిల్ల పురిటికి ఇల్లు సర్దబోతున్నాం: పిలుపులో ఏమని రాయాలి?
(చెన్నై తెలుగువాళ్ళ మాటామంతీ; రాసినవారి పేరు చోట వాళ్ళుండే పేట పేరు ఉంది.)

వేళచ్చేరి:
అందరికీ నమస్కారం. మా పక్క ఫ్లాట్‌లో నంద్యాల అమ్మాయి ఉంటుంది. తొలిచూలు. నవంబరు చివర్లో నెలలు నిండుతాయి. డాక్టరూ ఉద్యోగమూ చెన్నైలోనే కాబట్టి పుట్టింటికి వెళ్ళడం లేదు. వాళ్ళమ్మగారు కార్తీకం వచ్చాక గానీ రాలేరు. సీమంతం అత్తవారు ఘనంగానే చేశారు, గాజులూ చీరలూ వచ్చాయి. ఇల్లు మాత్రం అట్టపెట్టెలతో అలాగే ఉంది. ఒక ఆదివారం మా అపార్ట్‌మెంటు వాళ్ళం, ఆ అమ్మాయి ఆఫీసు స్నేహితులూ కలిసి వెళ్ళి, ఆ పిల్లను కుర్చీలోంచి లేవనివ్వకుండా పని మొత్తం చేసి రావాలనుకుంటున్నాం. కానుకలు వద్దు, పని చేసే చేతులు కావాలి. ఆఫీసు పిల్లలు దీన్ని ‘నెస్టింగ్ పార్టీ’ అంటున్నారు. వాట్సాప్‌లో పిలుపు తెలుగులో రాయాలని నా పట్టుదల. ఏమనమంటారు?

అంబత్తూరు:
నెస్ట్ అంటే గూడే కదండీ. ‘గూటి పండుగ’ అనండి. వినడానికి ముద్దుగా ఉంది.

కొరట్టూరు:
ఆడవాళ్ళు కలిసేది పేరంటం. సాయం చేసేది చేదోడు. ‘చేదోడు పేరంటం’ ఎలా ఉంది?

తాంబరం:
ఏ పేరైనా పెట్టండి గానీ ‘పురుడు’ అన్న మాట మాత్రం ముందే అనకండి. మా అత్తగారైతే ఒప్పుకోరు. పుట్టని బిడ్డకు పూసలు కట్టినట్లు అంటారు. పైగా పురుడంటే మైల కూడాను.

మైలాపూరు:
ముగ్గురి మాటా చదివాను. ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి, కాస్త నిడివిగా రాస్తాను.

గూడు అందమైన మాటే, ఈ పనికి మాత్రం అతకదు. తెలుగులో గూడు ఎవరిది వాళ్ళు కట్టుకుంటారు. ‘ఓ గూడు కట్టుకున్నారు’ అంటే ఆ ఆలుమగలు సొంతంగా నిలదొక్కుకున్నారని. ‘కూడూ గూడూ’ అంటే బతకడానికి కావలసిన కనీసం. పదిమంది వచ్చి ఒకరి ఇల్లు సర్దిపెట్టడం అనే అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. కట్టుకునే మనిషిని కూర్చోబెట్టి మనం వెళ్తున్నాం కాబట్టి, గూడు అంటే అర్థం తలకిందులవుతుంది.

ఇక పురుడు. తాంబరం గారూ, మీ అత్తగారి భయం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. జాతాశౌచానికి, అంటే బిడ్డ పుట్టినప్పుడు పట్టే మైలకు, ఆ మాట వాడతాం, నిజమే. కానీ అది ఆ మాటకున్న ఒక అర్థం మాత్రమే. నాడుకు నాటి, ఏడుకు ఏటి అయినట్టే పురుడు ‘పురిటి’ అయి ఎన్ని మాటల్లో కూర్చుందో చూడండి: పురిటి నొప్పులు, పురిటి గది, పురిటి మంచం, పురిటి స్నానం. ‘పురిటికి తీసుకొచ్చాం’ అని ఆడపిల్ల తల్లి గర్వంగా చెప్పుకుంటుంది, అదీ కాన్పుకు ముందే. ఆ మాటలో మైల ఉందని ఏ తల్లీ నోరు కట్టుకోలేదు.

దానికి జతపడే క్రియను చూడండి. కడుపు పండితే ‘నీళ్ళోసుకుంది’ అంటాం. మంత్రసాని ‘పురుడు పోసింది’ అంటాం. చావు అంచున ఉన్నవాణ్ణి కాపాడితే ‘ప్రాణం పోశాడు’ అంటాం. మూడింటిలోనూ పోయడమే. మన భాష కాన్పును ఏ మాటల పక్కన నిలబెట్టిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సంస్కృతంలోనూ ఇలాంటి గొడవే ఒకటుంది. అమరకోశం సూతికాగృహానికి, అంటే పురిటి గదికి, ‘అరిష్టం’ అని ఇంకో పేరు చెప్పింది. ఇవాళ మనకు అరిష్టమంటే కీడు. ‘రిష్’ అంటే హాని, దానికి ముందు ‘అ’ చేరితే హాని లేనిది. బిడ్డ పుట్టే గదికి హాని తగలకూడదని పెట్టుకున్న పేరు చివరికి హానికే పేరైపోయింది. భయంతో చూస్తూ పోతే మంచి మాటలు ఇలాగే చేజారిపోతాయి. పురుడునైనా అలా వదులుకోకూడదని నా కోరిక.

ఇప్పుడు పేరంటం. కొరట్టూరు గారూ, మాట తియ్యనిది. చేదోడు ఇంకా మంచిది: చేతికి తోడు చేదోడు, నోటిమాటకు తోడు వాదోడు. కానీ పేరంటం అనగానే పసుపు, కుంకుమ, తాంబూలం. ఆ పిలుపు ముత్తైదువలకే చేరుతుంది. భర్త పోయిన పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పెళ్ళికాని ఆఫీసు పిల్ల సందేహిస్తుంది. మగవాళ్ళు ఎలాగూ రారు. మరి ఆ ఆదివారం ఊయల మంచం బిగించడానికి, అటక మీది సామాను దించడానికి ఎవరుంటారు? ముగ్గురు పిల్లల్ని కని పెంచిన ఆ పెద్దమ్మకు తెలిసినంత బాలింత పత్యం ఎవరికి తెలుసు?

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో ఈ పనికి పాతకాలపు ఏర్పాటంతా ఉంది. తొమ్మిదో నెల రాకముందే సూతికాగారం సిద్ధం చేయాలన్నాడు. ఎముకలు, గులకలు, పెంకులు ఏరేసిన చోటు కావాలి, వాకిలి తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. ఆ తర్వాత దగ్గరుండాల్సిన స్త్రీల గురించి చెప్పాడు. చాలామంది ఉండాలి, తాము ఎన్నోసార్లు కన్నవారై ఉండాలి, స్నేహం, వాత్సల్యం ఉన్నవారు, పనిలో నేర్పరులు, దిగులు పడనివారు, కష్టానికి ఓర్చేవారు కావాలి. ముత్తైదువలై ఉండాలన్న షరతు ఆ వరసలో లేదు. అడిగింది అనుభవం, మంచి మనసు.

అందుకే నా ఓటు ‘పురిటిసాయం’. ఎవరైనా చేయగలిగేది సాయం. దానికి బొట్టు పెట్టి పిలవక్కర్లేదు, వయసు అడ్డం రాదు, మగవాడు వచ్చినా ఎబ్బెట్టుగా ఉండదు. “మా అమ్మాయి పురిటిసాయానికి రండి” అంటే ఎందుకు రావాలో, ఏం చేయాలో అందులోనే ఉంది.

తాంబరం:
మీరు చెప్పాక బాగానే ఉంది. పూసల సామెత సంగతి మరి? ఇంటికి ముందే పసిబిడ్డ బట్టలు కొని తేవడం మా వాళ్ళకు గిట్టదు.

మైలాపూరు:
కొనొద్దండీ. మనవాళ్ళు ఎప్పుడు కొన్నారు? పొత్తిళ్ళు పాత నూలు చీరలు చింపినవే. ఎన్నో ఉతుకులకు మెత్తబడ్డ గుడ్డ పసి ఒంటికి హాయిగా ఉంటుంది. వచ్చేవాళ్ళను తలా ఒక పాత నూలు చీర తెమ్మనండి. అక్కడే చింపి, అంచులు కుట్టి, ఉతికి ఎండేసి, మడత పెట్టి ఉంచండి. మీ అత్తగారు దీనికి అడ్డు చెప్పరు. నిజానికి ఆవిడే మంచి చీర తీసిస్తారేమో అడగండి.

పెరంబూరు:
మాది కరీంనగర్ దిక్కు. మా ఇండ్లల్ల ఇరవై ఒకటో దినం చేసే వేడుకనే ‘పురుడు’ అంటం. చుట్టాలను పిలిచి తొట్లె ఏస్తం. మైల అనే ముచ్చటే మనసుల రాదు. పురిటిసాయం మాకు మంచిగనే వినిపిస్తది.

కొరట్టూరు:
సరే, పేరంటం వెనక్కి తీసుకుంటున్నా. నిజంగానే మా పిన్నిని రమ్మనడానికి ఆ మాట అడ్డొస్తుంది, అది నాకు తట్టలేదు. పనుల జాబితా ఉంటే పెట్టండి.

మైలాపూరు:
మాట కుదిరింది కాబట్టి పని గురించి నాలుగు ముక్కలు. నవంబరు చివర కాన్పంటే ఈశాన్య రుతుపవనాలు ముదిరే సమయం. వేళచ్చేరి 2015 డిసెంబరులో మునిగింది, 2023 డిసెంబరులో మిగ్జాం తుపానుకు మళ్ళీ మునిగింది. కాబట్టి అందరికంటే ముందు చూడాల్సింది వాన సంగతి. ఆస్పత్రి ఫైళ్ళన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి పై అరలోకి ఎక్కించండి. తాగునీటి క్యాన్లు, టార్చి, ఇన్వర్టరు చూసుకోండి. రోడ్డు మునిగితే ఎవరి బండిలో ఏ దారిన ఆస్పత్రికి వెళ్ళాలో ఆ రోజే మాట్లాడుకోండి. వీలైతే నెలలు నిండే వారం ఎత్తయిన చోట ఎవరింట్లోనైనా ఉండే ఏర్పాటు అడిగి ఉంచండి. 108 నంబరు ఫ్రిజ్ మీద పెద్దగా రాసి అంటించండి.

ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు మరిచిపోయేది ఇంకొకటుంది. తమిళనాడులో గర్భాన్ని నమోదు చేయించుకుంటే పిక్మీ నంబరు ఇస్తారు. బిడ్డ జనన ధ్రువపత్రానికి అదే అడుగుతారు. ఆ అమ్మాయి తీసుకుందో లేదో కనుక్కోండి. లేకపోతే దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఎవరైనా తోడు వెళ్ళండి.

వంటింట్లో శొంఠి, వాము, మిరియాలు, వెల్లుల్లి నడుం ఎత్తులో అందే డబ్బాల్లోకి దించండి, బాలింత వంగనూ కూడదు, స్టూలెక్కనూ కూడదు. కాయం (బాలింతకు పెట్టే మందు) చేయడం వచ్చినవాళ్ళు లేకపోతే మా మైలాపూరు కచేరీ రోడ్డు డబ్బా చెట్టి కొట్లో ప్రసవ లేహ్యం సరుకులు దొరుకుతాయి. కాకపోతే డాక్టరును అడిగాకే పెట్టాలి. గోడలకు కొత్త రంగులు ఇప్పుడు వద్దు, ఆ వాసన ఆమెకు పడదు.

వేళచ్చేరి:
మైలాపూరు గారూ, ఎంత ధన్యవాదం చెప్పినా తక్కువే. పిలుపు ఇలా రాశాను, చూడండి:

“ఈ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మన మూడో అంతస్తు అమ్మాయికి పురిటిసాయం. ఆడా మగా, చిన్నా పెద్దా అందరూ రండి. కానుకలు తేవద్దు. ఒక పాత నూలు చీర, స్క్రూడ్రైవరు ఉన్నవాళ్ళు అది, వంట వచ్చినవాళ్ళు తమ చేతి పొడి ఒకటి తెండి. మధ్యాహ్నం పప్పు, పులిహోర మా ఇంట్లో.”

మూడో అంతస్తు అమ్మాయికి చూపిస్తే ‘పురిటిసాయం’ దగ్గర ఆగి, రెండుసార్లు చదువుకుని, వాళ్ళమ్మకు ఫోన్‌లో పంపింది. తమిళ ఇరుగుపొరుగులకు మాత్రం ఇది వళైకాప్పు (గర్భిణికి గాజులు తొడిగే వాళ్ళ వేడుక) కాదని విడిగా చెప్పాల్సి వస్తోంది. పనికి పిలుస్తున్నామని తెలిశాక కింది ఫ్లాట్ మామి తానే ముందొచ్చి పొత్తిళ్ళ కుట్టుపని తీసుకున్నారు.

అంబత్తూరు:
నా దగ్గర డ్రిల్ మిషను ఉంది. దోమతెర కొక్కేలు నేను బిగిస్తాను. తొమ్మిదికి వస్తా.

పెరంబూరు:
అక్కా, పొత్తిళ్ళను మీ దిక్కు ఇంకేమన్న అంటరా? నంద్యాలోళ్ళ మాట ఆ అమ్మాయిని అడిగి ఇక్కడ రాయుండ్రి.