1957 రాంబ్లర్ రెబెల్ ఇంజన్ అసలుదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని మిల్వాకీలో ఉంటాం. పక్కనే ఉన్న కెనోషాలో తయారైన 1957 రాంబ్లర్ రెబెల్ కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. పెట్రోలు పొదుపు పేరుతోనే బతికిన అమెరికన్ మోటార్స్, ఓ మామూలు ఫ్యామిలీ కారులో 255 హార్స్‌పవర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ పెట్టి 1,500 కార్లే చేసింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్వెట్ స్పోర్ట్స్ కారు తప్ప ఆ ఏడాది వేగం అందుకునే టెస్టులో దీన్ని దాటిన అమెరికన్ కారు లేదు! చూస్తే మాత్రం సంతకెళ్లే బండిలా ఉంటుంది.

వెండి రంగు, పక్కన కంచు రంగు పట్టీ బాగానే ఉన్నాయి. టెన్షనంతా ఇంజన్ గురించే. నాష్ అంబాసిడర్‌లోనూ (మన అంబాసిడర్ కాదండోయ్) ఇదే 327 ఘనపు అంగుళాల ఇంజన్ ఉండేది, కాకపోతే హైడ్రాలిక్ లిఫ్టర్లతో (లిఫ్టర్లంటే వాల్వులను ఎత్తే భాగాలు; హైడ్రాలిక్‌వి ఆయిల్ ఒత్తిడితో సందు పూడ్చుకుని చప్పుడు లేకుండా నడుస్తాయి). రెబెల్‌కి సాలిడ్ లిఫ్టర్లు. అంబాసిడర్ ఇంజన్ తెచ్చి ఇందులో పెట్టేశారేమోనని నా అనుమానం. స్టార్ట్ చేస్తే వాల్వ్ కవర్ కింద టకటకమంటోంది. అది సాలిడ్ లిఫ్టర్ల సహజమైన చప్పుడా, అరిగిపోయిన హైడ్రాలిక్‌లదా? ఇంజన్ విప్పకుండా తేల్చుకునే దారి ఉందా?

ఇంకోటి, షెవర్లే 327 పేరుకే అదే, ఇంజన్ వేరు; దాని పార్టులు దీనికి పనికిరావు. గాస్కెట్లు, వాటర్ పంపు మీరెక్కడ తెప్పించుకుంటున్నారు? అమ్మేవాళ్లు ఈ వారంలోనే మాట చెప్పమంటున్నారు.