అప్‌డేట్: ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్, కారణం దొరికింది

పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ మానిటర్ నల్లగానే ఉంటోందని, మదర్‌బోర్డు మీద డీర్యామ్ లైటు (ర్యామ్, అంటే మెమరీలో సమస్య ఉంటే వెలిగేది) ఆరడం లేదని అడిగాను కదా. ఇప్పుడు సిస్టమ్ బాగా పనిచేస్తోంది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనికొచ్చిన సలహా ఒక్కో ర్యామ్ స్టిక్‌నీ విడిగా పెట్టి చూడమన్నది. పవర్ కేబుల్ పీకేసి, రెండు డీడీఆర్4 స్టిక్‌లూ తీసి, బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచాను. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో (మా బోర్డు మీద ఏ2 అని ఉంది) ఒకదాన్ని టక్కుమనేదాకా నొక్కి ఆన్ చేస్తే వెంటనే బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్) తెర వచ్చింది! అదే స్లాట్‌లో రెండోది పెడితే మళ్లీ నల్ల తెర. మంచి స్టిక్ మిగతా స్లాట్లలోనూ బూట్ అయింది కాబట్టి బోర్డు మీద అనుమానం పోయింది.

షాపులో వేరే సిస్టమ్‌లో పెట్టి చూసి, ఆ రెండో స్టిక్ పాడైందని ఖాయం చేశారు. వారంటీలో కొత్తది వచ్చింది. రెండూ పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఆ తర్వాతే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేశాను.

ఎస్‌ఎంపీఎస్‌కీ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై), గ్రాఫిక్స్ కార్డుకీ దీనితో సంబంధమే లేదు. సీమాస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగులను నిలిపి ఉంచే చిన్న బ్యాటరీ) తీసి పెట్టినా తేడా రాలేదు. విండోస్ మళ్లీ వేయించమని ఎవరైనా అంటే దయచేసి తొందరపడకండి. బయోస్ కూడా రానప్పుడు విషయం విండోస్ దాకా వెళ్లనే లేదు. నా ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.