బెబాస్ న్యూ పక్కన నిలబడే తెలుగు ఫాంట్ ఏదైనా ఉందా?
అందరికీ నమస్తే అండి, మా బాబాయి వాళ్ల ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి బోర్డు డిజైన్ చేస్తున్నా, ఇంగ్లిష్ లైను బెబాస్ న్యూలో పెట్టా, అన్నీ క్యాపిటల్సే, ఇరుగ్గా నిటారుగా మందంగా ఉంటాయి కదా ఇనుప పనికి భలే సూటయింది. తెలుగు లైను దగ్గరే ఆగిపోయా. రామభద్ర అనే తెలుగు ఫాంట్ మందం బాగుంది కానీ వెడల్పుగా పోతోంది, పోనీ అని పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగానే ఉండిపోతున్నాయి, అస్సలు చూడలేం.

ఉన్నవాటిలో అనేక్ తెలుగే దగ్గరగా వచ్చింది, వేరియబుల్ ఫాంట్ (వెడల్పు, మందం మనమే మార్చుకోవచ్చు) కాబట్టి విడ్త్ 75, వెయిట్ 800 పెట్టా. కానీ "స్ట్రక్చర్స్" అని కొట్టగానే ట వత్తు, ర వత్తు దిగి కింద ఫోన్ నంబర్ మీద పడుతున్నాయి, గ్యాప్ పెంచితే ఆ బిగువంతా పోతోంది.

ఇంతకంటే ఇరుకైన యూనికోడ్ ఫాంట్ తెలిస్తే చెప్పండి ప్లీజ్, కొనాల్సి వచ్చినా పర్లేదు. లేకపోతే వత్తుల్ని చిన్నవి చేసి పైకి లాగితే రోడ్డు మీద నుంచి చదవగలరా? ఇంకోటి, దీన్ని ఇనుప షీటులో లేజర్ కటింగ్ చేయించాలి, సున్నా, ర లోపలి ముక్కలు ఊడి పడకుండా స్టెన్సిల్ లాగా బ్రిడ్జిలు (కట్ చేయకుండా వదిలే సన్నని పట్టీలు) పైనా కిందా పెట్టాలా పక్కలకా? ఇలా తెలుగులో కట్ చేయించినవాళ్లు ఫోటో పెడితే చాలా హెల్ప్ అవుతుంది.