అప్‌డేట్: బాబు ముక్కు వెంట రక్తం గురించి డాక్టరు ఏమన్నారంటే

ఎండలు మొదలైనప్పటి నుంచి మా ఏడేళ్ల బాబుకి మాటిమాటికీ ముక్కు వెంట రక్తం కారుతోందని, వేడి చేసిందా, బీపీనా అని అడిగాను కదా. ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాం. లైటు వేసి చూస్తే, రెండు రంధ్రాల మధ్య గోడకి ముందు వైపున ఎర్రగా, చెక్కు కట్టి ఉంది. సన్నని రక్తనాళాలు కలిసే చోటట అది, లిటిల్స్ ఏరియా అంటారు. పిల్లలకి ఎక్కువగా కారేది అక్కడి నుంచే. రాత్రంతా ఏసీకి లోపల ఎండిపోవడం, వీడు వేలు పెట్టి ఆ చెక్కు గిల్లడం, అంతే. బీపీ నార్మల్.

ముక్కులో వేయడానికి సెలైన్ చుక్కలు, పడుకునే ముందు లోపల పల్చగా పూయడానికి వాజిలిన్ రాసిచ్చారు. గోళ్లు కత్తిరించేశాం. బాగా తగ్గింది.

కారినప్పుడల్లా మా అత్తగారు తల వెనక్కి వాల్చి ఉల్లిపాయ వాసన చూపించేవారు. అలా వాలిస్తే రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుందట. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, ముక్కు ఎముక దగ్గర కాకుండా కింద మెత్తటి భాగాన్ని 10-15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో తీసి చూడకూడదు, అసలు కష్టం అదే! నొక్కినా 20 నిమిషాలకి ఆగకపోతే నేరుగా ఆసుపత్రికే. ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కూడా ఉంటే రక్త పరీక్ష చేయించాలన్నారు.