చర్చ: ప్రాణం తీసిన మత్తుమందు అమ్మినవాడికి ఎంత శిక్ష వేయాలి?

రామంతపూర్ రమణ
అమెరికాలోని ఒహాయోలో చదువుకుంటున్న మా మేనల్లుడి స్నేహితుడు, మన తెలుగు కుర్రవాడే, నొప్పి మాత్ర అనుకుని వేసుకున్న నకిలీ మాత్రలో ఫెంటనిల్ అనే అతి బలమైన మత్తు నొప్పిమందు ఉండడంతో నిద్రలోనే పోయాడు. అమ్మిన సరుకు వల్లనే ప్రాణం పోయిందని రుజువైతే అక్కడి ఫెడరల్ చట్టం కింద కనీసం 20 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం పడుతుందట. 2025 జూలైలో ఫెంటనిల్‌ను పోలిన పదార్థాలన్నింటినీ అత్యంత కఠినమైన జాబితాలో శాశ్వతంగా చేర్చారు కూడా. మన 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్, సరుకు తూకం చూస్తుందే తప్ప, ఆ సరుకు ఎవరి ప్రాణం తీసిందో చూడదు. ఇక్కడా అలాంటి సెక్షన్ రావాలా? వస్తే అమ్మేవాళ్లు నిజంగా భయపడతారా? అనుభవమున్నవారు చెప్పగలరు.

కొత్తపేట తల్లి
శిక్షలు పెంచాలా వద్దా అన్నది తరువాతి మాట, ముందు ఉన్న శిక్ష పడనివ్వండి. మా అబ్బాయికి హెరాయిన్ అలవాటు చేసినవాడు దొరికాడు, సరుకు దొరికింది, ఫోన్‌లో లెక్కలన్నీ దొరికాయి. తీరా విచారణకు వచ్చేసరికి నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తీయలేదని, పంచులు, అంటే సోదా సాక్షులు, ఇద్దరూ మాట మార్చారని చెప్పి కేసు కొట్టేశారు. అతను మా వీధి మీదుగానే బండి మీద వెళ్తూ నాకు నమస్కారం పెడుతున్నాడు. మా వాడు మాత్రం వాడుతున్నాడన్న కేసులో ఇంకా వాయిదాలకు తిరుగుతున్నాడు. 20 ఏళ్లు కాదు, 200 ఏళ్లని రాసుకున్నా పంచనామా సరిగ్గా రాయనివాళ్ల చేతిలో ఆ చట్టం ఏం చేస్తుంది?

కోఠి ఫార్మసిస్ట్
చట్టం కఠినమైన ప్రతిసారీ ముందుగా ఇరుక్కునేది లైసెన్సు పెట్టుకుని బోర్డు కట్టుకున్న మాలాంటివాళ్లమే. 2018 ఏప్రిల్‌లో నొప్పి మందు ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్‌లోకి తెచ్చారు. 5 గ్రాముల వరకు చిన్న పరిమాణం, 250 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. లైసెన్సు ఉన్నా, బిల్లు పుస్తకంలో ఒక డబ్బాకు లెక్క తేలకపోతే నేను స్మగ్లర్‌నే. అందులోనూ తూకం వేసేది మందును కాదు, మాత్ర మొత్తాన్ని. 50 మిల్లీగ్రాముల మాత్ర మొత్తం బరువు 250 మిల్లీగ్రాములు ఉందనుకోండి, మందు ప్రకారం 5000 మాత్రలు కావలసిన చోట 1000 మాత్రలకే పదేళ్ల కేసు. సుద్దపొడికి కూడా జైలు వేయడం ఏం న్యాయమో పెద్దలు సెలవియ్యాలి.

నాంపల్లి ప్లీడరు
సెలవిస్తాను. 2008లో సుప్రీంకోర్టు అసలు మందు తూకమే లెక్క అని చెప్పింది. 2009లో కేంద్రం నోటిఫికేషన్‌కు సవరణ చేసి మిశ్రమం మొత్తం తూకమే లెక్క అన్నది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసి 2008 తీర్పును పక్కన పెట్టింది. అందులో అన్యాయమేమీ లేదు, ఎందుకంటే వీధిలో ఎవరూ శుద్ధమైన హెరాయిన్ అమ్మరు, కల్తీ కలిపితేనే అది నలుగురికి చేరుతుంది. మీరు గంటల తరబడి మందులు అమ్ముతారేమో గాని చట్టం చదివినట్టు లేరు.

కోఠి ఫార్మసిస్ట్
చట్టం చదివినవారికి లెక్కలు రాకపోతే నేనేం చేయను? ఒకడి దగ్గర 40 గ్రాముల శుద్ధమైన హెరాయిన్ ఉంది, అతనిది చిన్నదానికీ వాణిజ్యానికీ నడుమనున్న మధ్యస్థ పరిమాణం. ఇంకొకడి దగ్గర 2 గ్రాముల హెరాయిన్ కలిపిన 260 గ్రాముల పొడి ఉంది, అతనిది వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. ఇద్దరిలో ఎక్కువమందిని చంపగలిగినవాడు ఎవడు? రమణ గారు అడిగినది ప్రాణాంతకమైన సరుకు గురించి. మీ ధర్మాసనం పట్టించుకోనిది సరిగ్గా ఆ ప్రాణాంతక గుణాన్నే.

నాంపల్లి ప్లీడరు
ధర్మాసనాన్ని ‘మీ’ అని సంబోధించే అలవాటు మానుకోండి. అమెరికాలోనూ మిశ్రమాన్నే తూస్తారు: ఫెంటనిల్ ఉన్న మిశ్రమం 40 గ్రాములైతే కనీసం అయిదేళ్లు, 400 గ్రాములైతే పదేళ్లు. తూకంతో పాటు ప్రాణహానిని అదే సెక్షన్‌లో విడిగా చూస్తారు. రుజువు చేయడమే అక్కడ కష్టం. 2014లో బర్రేజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏమన్నదంటే, చనిపోయిన మనిషి ఒంట్లో నాలుగైదు మందులు ఉన్నప్పుడు, ఈ అమ్మకందారు ఇచ్చిన మందు లేకపోయి ఉంటే మరణం జరిగేది కాదని తేల్చాలి. మరణానికి అదీ ఒక కారణమంటే చాలదు. మన ఫోరెన్సిక్ నివేదికలు ఎన్నాళ్లకు వస్తాయో తెలిసినవారెవరూ ఆ సెక్షన్‌ను ఇక్కడ కోరుకోరు.

మాజీ అబ్కారీ అధికారి
ఇక్కడ మాట్లాడుతున్నవారిలో కల్లు కాంపౌండు లోపలికి అడుగుపెట్టినవారు ఎవరైనా ఉన్నారా? నా సర్వీసంతా దాడుల్లోనే గడిచింది, కల్లు వాసన చూసి అందులో ఏం కలిపారో చెప్పగలిగినవాణ్ణి. ఫెంటనిల్, ఫెంటనిల్ అంటూ అమెరికా కబుర్లు చెప్పుకుంటున్నారు, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు పోయింది మరిచిపోయారా? కల్లులో కలిపే నిద్రమందు ఆల్ప్రజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణమే. అయినా కలిపేవాళ్లు కలుపుతూనే ఉన్నారు. ఉరి వేస్తేగాని ఇది ఆగదు. కొత్తపేట తల్లి గారికి ఒక మాట, పంచులు తిరగబడితే దాడి చేసిన అధికారిని తిట్టడం సులభం, రాత్రి రెండు గంటలకు మేజిస్ట్రేటును ఎక్కడినుంచి తెస్తామో మీరే చెప్పండి.

కొత్తపేట తల్లి
రాత్రి రెండు గంటలకు తేనక్కరలేదు, తెల్లవారాక తీసుకువెళ్లి ఆయన ఎదుట నమూనా తీయమంటోంది చట్టం. మా కేసులో నెలల తరువాత కూడా తీసుకువెళ్లలేదు. ఉరి గురించి మాట్లాడే ముందు ఆ ఒక్క పని చేయించండి.

మత్తు డాక్టరు
అధికారి గారూ, ఆల్ప్రజోలం ఓపియాయిడ్ కాదు, అంటే హెరాయిన్, ఫెంటనిల్ జాతి మందు కాదు, రెండింటినీ కలపకండి. ఓపియాయిడ్ మోతాదు మించితే మనిషి ఊపిరి తీసుకోవడం మానేస్తాడు, కంటిపాప సూదిమొనంత అవుతుంది, పెదవులు నీలమవుతాయి. విరుగుడు మందు నలోక్సోన్ ఇస్తే రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది, ఆల్ప్రజోలం మీద అది పనిచేయదు. ఉరి మాట కూడా తెలిసి మాట్లాడాలి. మన చట్టంలో పెద్ద పరిమాణాలతో రెండోసారి దోషిగా తేలినవారికి మరణశిక్ష తప్పనిసరి అన్న నిబంధన 1989 నుంచీ ఉండేది, 2011లో బొంబాయి హైకోర్టు ఆ తప్పనిసరిని కొట్టివేసింది, 2014 సవరణలో దాన్ని న్యాయమూర్తి విచక్షణకు వదిలారు. అన్నేళ్లు చట్టంలో ఉన్న ఉరి ఎవరిని ఆపింది?

నా భయం వేరే. అమెరికాలో స్నేహితులు కలిసి కొనుక్కుని పంచుకోవడం కూడా పంపిణీ కిందికే వస్తుంది, అందుకని పక్కవాడు పడిపోతే మిగతావాళ్లు ఫోన్ చేయకుండా పారిపోతారు. అందుకే అక్కడి చాలా రాష్ట్రాలు సాయం కోసం ఫోన్ చేసినవారికి రక్షణ కల్పిస్తూ వేరే చట్టాలు చేసుకోవలసి వచ్చింది. మేము రాత్రిపూట చూసే కేసుల్లోనూ కుర్రవాణ్ణి క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ఆటోలో వదిలేసి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. ఏం తీసుకున్నాడో చెప్పే మనిషి ఉండడు.

నాన్న కోసం
మీ వాదనలో నొప్పితో ఉన్నవాళ్లు ఎక్కడా లేరు. మా నాన్నగారికి క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో మార్ఫిన్ మాట ఎత్తితే, అది మా దగ్గర ఉండదు, రిజిస్టర్ల గొడవ అన్నారు. మందుల దుకాణాల్లో అడిగితే నన్ను దొంగను చూసినట్టు చూశారు. చివరకు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగంలో 10 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారు, ఆ రాత్రి ఆయన పక్క మీద అటు తిరిగి పడుకోగలిగారు. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి ఆరు మందులకు దేశమంతా ఒకే విధానమని 2014లో చట్టం సవరించిన తరువాత కూడా పరిస్థితి ఇది. కొత్త సెక్షన్ వస్తే ఆ ఆసుపత్రి రిజిస్టరు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

కోఠి ఫార్మసిస్ట్
దొంగను చూసినట్టు చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి అయి ఉండవచ్చు, అమ్మా. కారణం పైన రాశాను, మీ మీద కోపం కాదు.

మాజీ అబ్కారీ అధికారి
డాక్టరు గారు, ప్లీడరు గారు కలిసి నేరస్తులకు గొడుగు పట్టండి. 2025 మార్చిలో ఫెంటనిల్ తయారీకి పనికివచ్చే రసాయనాల మీద అమెరికాలో అభియోగపత్రం పడింది మన హైదరాబాద్ కంపెనీ మీదే. ఆటోలో వచ్చే కుర్రవాళ్ల గురించి కాదు, డ్రమ్ములతో పంపేవాళ్ల గురించి నేను మాట్లాడుతున్నది.

నాంపల్లి ప్లీడరు
డ్రమ్ముల గురించి మీరు ఇప్పుడే మొదలుపెట్టారు, ఇంతవరకు కల్లు గురించి మాట్లాడారు. అభియోగం పడగానే నేరం రుజువైనట్టు కాదని మీకు సర్వీసులో ఎవరూ చెప్పలేదా?

కొత్తపేట తల్లి గారూ, ఈ గోలలో మీ అబ్బాయి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అతని మీద ఉన్నది వాడకం కేసు లేదా చిన్న పరిమాణం కేసు అయితే, ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్ కింద స్వచ్ఛందంగా చికిత్సకు వెళ్లినవారికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన కేంద్రంలోనే చేర్చండి. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి, చేరిన రోజు చీటీ నుంచి డిశ్చార్జి కాగితం వరకు అన్నీ భద్రపరచి మీ వకీలు చేత కోర్టులో అర్జీ వేయించండి.